ఇంగ్లీషు మాటలలో ‘ఇది’, ‘అది’

ఇంగ్లీషు నేర్వగోరు స్త్రీలు మన యిండ్లలో నిప్పుడు పెక్కండ్రు కలరు. బిడ్డలు ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. కొందఱి కొడుకులును కూతుండ్రును అమెరికాలోను ఆస్ట్రేలియాలోను కాపురములు పెట్టియున్నారు. ఇట్టి తల్లులు పెద్ద పెద్ద మాటలకై నిఘంటువులు తిరుగవేయుదురు గాని, ‘దిస్’, ‘దట్’, ‘దీజ్’, ‘దోజ్’ అను నాలుగు చిన్నమాటలను లెక్కచేయరు. ఇది, అది, ఇవి, అవి. ఇంతకన్న నందు నేర్వవలసిన దేమున్నదని యందురు. మేమును అట్లే యనుకొంటిమి. ఆ నాలుగింటిలో మొదటి మాటయే మా యింట మూడు దినములు అత్తకును కోడలికిని మాటలు లేకుండ జేసినది.

మా పెద్దపిల్ల నాలుగవ తరగతి చదువుచున్నది. నిరుడు దాని బడిలో తల్లిదండ్రుల సమావేశము జరిగెను. మా వారు తామును ఉపాధ్యాయులే యగుటచే తమ పాఠశాల విడిచి రాలేకపోయిరి. మేము మా యత్తగారిని వెంటబెట్టుకొని వెళ్లితిమి. అచ్చటి యుపాధ్యాయిని మమ్ము ఇంగ్లీషున పలుకరించెను. మేము ముందురాత్రి మా వారియొద్ద వల్లించిన వాక్యమును తడబడక చెప్పితిమి: ‘దిస్ ఈజ్ మై మదర్ ఇన్ లా.’ ఆమె లేచి నిలిచి మా యత్తగారికి నమస్కరించెను. అత్తగారు సంతోషించిరి. మేమును ఏదో గెలిచినట్లు ఇంటికి వచ్చితిమి.

సాయంకాలము అత్తగారు మనుమరాలిని పిలిచి, “ఏమే, మీ అమ్మ నా గురించి ఆ పంతులమ్మతో ఏం చెప్పిందే?” అని యడిగిరి. అది తనకు బడిలో నేర్పిన యర్థము నేర్పినట్లే యప్పగించినది. “ ‘ఇది మా అత్తగారు’ అంది నాయనమ్మా.”

ఆమె యేమియు ననలేదు. రాత్రి భోజనమునకు మాత్రము లేవలేదు. మా వారు వచ్చి కారణ మడుగగా, “నలభై ఏళ్లనించీ ఈ ఇంట్లో ఉన్నానురా. ఊళ్లో ఒక్కరూ నన్ను ఇది అనలేదు” అనిరి. మా వారు బల్లమీద పుస్తకము తెఱచి, అమ్మా, ఇంగ్లీషులో గౌరవవాచకములు లేవు, రాణికైనను దాసికైనను అదే మాట, అని బోధింప మొదలిడిరి. “మర్యాద లేని భాషలో నన్ను పరిచయం చెయ్యమని ఎవరు ఏడ్చారురా?” అని యామె గోడవైపు తిరిగి పండుకొనిరి. ఆ ప్రశ్నకు వారి పుస్తకములో సమాధానము లేదు. అది యంత సులభముగ తోసివేయదగిన ప్రశ్నయు కాదని మాకు దోచినది. ఆ మూడు దినములు మేము ఈ మాటలను గూర్చియే యాలోచించితిమి. తెలిసికొన్న దానిని తోటివారికి చెప్పుకొనుటకే యీ వ్యాసము.

చిన్ననాట మేము మా తండ్రిగారియొద్ద బాలవ్యాకరణము చదివితిమి. పరవస్తు చిన్నయసూరి 1858లో రచించిన యా గ్రంథమున ఆ, ఈ, ఏ అను మూడింటికిని త్రికమని పేరు. దూరపుదానికి ఆ, దగ్గఱదానికి ఈ, ప్రశ్నకు ఏ. అది, ఇది, ఏది. అప్పుడు, ఇప్పుడు, ఎప్పుడు. అచ్చట, ఇచ్చట, ఎచ్చట. మూడు అక్షరములతో మన భాష ఇంత సంసారము చక్కబెట్టుకొన్నది. దానిపై మర్యాద మెట్లు వేఱు. పురుషుడైనచో వీడు, ఇతడు, ఈయన, వీరు. స్త్రీయైనచో ఇది, ఈమె, ఈవిడ, వీరు. అడుగుమెట్టున నున్న ‘ఇది’ స్త్రీకిని ఆవునకును కుండకును ఒక్కటే. పురుషునకు ‘వీడు’ అని యెంత తక్కువ చేసినను వేఱు మాట కలదు గాని, స్త్రీని తక్కువ చేసినచో కుండతో జేర్చుటయే. బహువచనము వచ్చునప్పటికి మాత్రము స్త్రీలు పురుషులతో గలిసి ‘వారు’ అగుదురు. అరవమున ‘అవళ్’ అనియు, కన్నడమున ‘అవళు’ అనియు ఒంటరి స్త్రీకి ప్రత్యేకమైన మాట కలదు. ఈ విషయమున మన భాషపై మాకు గొంచెము కోపమే. ఐనను పైన మేము మా బిడ్డను గూర్చి ‘అది యప్పగించినది’ అని వ్రాసితిమి. చదివిన తల్లి యొక్కతెయైనను తప్పు పట్టియుండదు. ముద్దుచేత ననినచో ‘అది’ తేనె. అలక్ష్యముచేత ననినచో కారము. మాట యొకటే.

ఇక ఇంగ్లీషు సంగతి. వేయి సంవత్సరముల క్రిందట ఆ భాషలో ఈ మాటలకు మూడు లింగములు నుండెను. పురుషుని జూపుటకు ఒక రూపము, స్త్రీని జూపుటకు ఒక రూపము, నపుంసకమునకు ఒక రూపము. మన సంస్కృతమున అయమ్, ఇయమ్, ఇదమ్ అన్నట్లే. పదునొకండవ శతాబ్దము మొదలుకొని పదునాలుగవ శతాబ్దము వఱకు ఆ భాష క్రమముగ లింగభేదములను విడిచివేసినది. విడుచునప్పుడు పుంలింగ రూపమును, స్త్రీలింగ రూపమును జాఱిపోయి, మూడవదే నిలిచినది. నేటి ‘దిస్’, ‘దట్’ అనునవి యా ప్రాత నపుంసక రూపములే. అనగా మా యత్తగారి చెవికి దగిలిన ‘ఇది’ వేయేండ్ల నాడు నిజముగ ‘ఇది’యే! ఇప్పుడు దానికి లింగము లేదు, మర్యాద లేదు, అమర్యాదయు లేదు. వ్రేలు చూపుట మాత్రమే దాని పని.

తెలుగు నేర్వవచ్చిన దొరలకు దీనికి విపరీతమైన కష్టము కలిగియుండును. బ్రౌనుదొర 1840లోను, ఆర్డెనుదొర 1873లోను ఇంగ్లీషున తెలుగు వ్యాకరణములు ప్రకటించిరి. ‘హీ’ అను నొక్క మాటకు వాడు, అతడు, ఆయన, వారు అని యిన్ని మెట్లున్నవని అట్టి గ్రంథములు తమవారికి చెప్పవలసి వచ్చినది. మనము మెట్లు దిగుటకు భయపడుచున్నాము, వారు ఎక్కుటకు భయపడిరి.

ఐనచో ఇంగ్లీషున మనుష్యులను ‘దిస్’ అని యెచ్చటనైనను అనవచ్చునా? అనరాదు. ఇదియే మనవారు పొరబడు చోటు. ‘ఈమె యెవరు’ అని తెలుపునప్పుడు మాత్రమే యనవచ్చును. ‘దిస్ ఈజ్ మై సిస్టర్’ అని యొకసారి చూపిన పిమ్మట ‘షీ’ యని యెత్తుకొనవలెను. ‘షీ లివ్స్ ఇన్ గుంటూర్’ అనవలెను గాని ‘దిస్ లివ్స్ ఇన్ గుంటూర్’ అనినచో అప్పుడు నిజముగనే కుండతో జేర్చినట్లగును. మన తెలుగున ‘ఇది గుంటూరులో ఉంటుంది’ అని చెల్లెలిని గూర్చి ముద్దుగ చెప్పుదుము. ఆ ముద్దు ఇంగ్లీషునకు ఎక్కదు. పలువురిని చూపునప్పుడు ‘దీజ్ ఆర్ మై పేరెంట్స్’ అని, పిదప ‘దే’ అనవలెను. ఫొటోలో దూరముగ నిలుచున్నవారిని ‘హూ ఈజ్ దట్?’ అని యడుగుట తప్పు కాదు. బహువచనమున ‘దోజ్ హూ’ అని యొక ప్రయోగము కలదు. ‘ఎవరు ఆలస్యముగ వచ్చిరో వారు’ అనునట్టి చోట వచ్చును. అది మనుష్యులకు నిస్సంకోచముగ చెల్లును.

వస్తువుల విషయమునను ఇట్టి మార్పే కలదు. ‘ఈజ్ దిస్ యువర్ బ్యాగ్?’ అని యడిగినచో మనము ‘అవును, ఇది నాదే’ అన్నట్లు ‘యెస్, దిస్ ఈజ్’ అందుము. వారు ‘యెస్, ఇట్ ఈజ్’ అందురు. ప్రశ్నలో ఒకసారి వ్రేలు చూపిరి గదా, మఱల నెందులకు చూపుట యని వారి భావము. ‘దీజ్’ అని యడిగినచో ‘దే ఆర్’ అని చెప్పవలెను. మా పిల్ల బడిపుస్తకములో నీ ప్రశ్నోత్తరములు పుటలకొలది కలవు. అవి విసుగు పుట్టించు మాట నిజమే గాని, నాలుకకు పట్టువఱకు పైకి చదువుట తప్ప వేఱు మార్గము మాకు గానరాలేదు.

ఏకవచన బహువచనములలో వంటయింటికిని కుట్టుపెట్టెకును సంబంధించిన చిక్కులు కొన్ని కలవు. కత్తెర మనకు ఒకటి. వారికి రెండు రేకులు గనుక ‘దీజ్ సిజర్స్’. కండ్లజోడు మనకును జోడే, వారికిని ‘దీజ్ గ్లాసెస్’. పంట్లాము ఒకటియైనను ‘దీజ్ ట్రౌజర్స్’. బియ్యము మాత్రము మనకు బహువచనము: ఇవి బియ్యము, ఇవి మంచి బియ్యము అందుము. వారికి ‘దిస్ రైస్’. తలవెండ్రుకలు మనకు అనేకములు, వారికి ‘దిస్ హెయిర్’. ప్రయాణమునకు గట్టిన మూటలు పదియైనను ‘దిస్ లగేజ్’. ‘న్యూస్’ చివర సకారము వంటిది వినబడినను ‘దిస్ న్యూస్’ అనియే యనవలెను. ఎందుచేత నని యడిగినచో, బియ్యమును మనము గింజలుగ చూచుచున్నాము, వారు రాశిగ చూచుచున్నారని తప్ప మేము చెప్పజాలము.

ఉచ్చారణమును గూర్చి యొక్క మాట. ‘దిస్’ అనుచో ఇకారము హ్రస్వము, తుది సకారము. ‘దీజ్’ అనుచో ఈకారము దీర్ఘము. తుదియక్షరము మన దంత్య జకారమునకు దాపుగ నుండును గాని అంత గట్టిగ బలుకరాదు, సకారమునకు గొంతు కలిపినట్లుండవలెను. మనవారిలో పెక్కండ్రు రెంటిని ‘దిస్’ అనియే పలుకుదురు. వినువారికి ఒకటియో పదియో తెలియదు. మొదటి దకారము పలుకునప్పుడు నాలుక కొనను పండ్ల నడుమ కొంచెము తాకించవలెను. అద్దము ముందట నిలిచి పలికినచో తెలియును. మేము పలుకుచుండగా మా చిన్నవాడు చూచి, అమ్మ నన్ను వెక్కిరించుచున్నదని యేడ్చెను.

ఇంకొక తప్పు కలదు. ఇది బాగుగ చదివినవారి నోటను వినబడును. ‘నా యీ చీర’, ‘మా యీ యిల్లు’ అనుట తెలుగున సొంపైన ప్రయోగము. దానిని బట్టి ‘మై దిస్ శారీ’ అందురు. ఇంగ్లీషున నీ రెండును ఒక పీటమీద గూర్చుండవు. చూపు మాట వచ్చినచో సొంతము తెలుపు మాట వెనుకకు బోవలెను: ‘దిస్ శారీ ఆఫ్ మైన్.’ ‘ఆమె యా స్నేహితురాలు’ అనవలెనన్నను ‘దట్ ఫ్రెండ్ ఆఫ్ హర్స్’ అనవలెను. మొదట వినుటకు వంకరగ దోచును. పదిసార్లు అనిన పిమ్మట అదియే చక్కగ నుండును.

కాలమును దెలుపు చోటుల గూడ నీ మాటలు వచ్చును. ఈ యుదయము ‘దిస్ మార్నింగ్’, ఈ సాయంకాలము ‘దిస్ ఈవినింగ్’. అదే వరుసను ఈ రాత్రి ‘దిస్ నైట్’ అని మేమొకసారి యనగా మా వారు నవ్విరి, ‘టునైట్’ అనవలెనట. ఈ రోజులలో ననుటకు ‘దీజ్ డేస్’ చాలును. ఆ రోజులలో ననుటకు ‘ఇన్ దోజ్ డేస్’ అని ముందొక మాట చేర్చవలెను. మా యత్తగారికి ఈ రెండవది యెక్కువ యుపయోగించునని మేము మనసులో ననుకొంటిమి గాని, పైకి చెప్పలేదు.

దగ్గఱ, దూరము అనునవి యెంత యెడముగ నుండవలెనన్న ప్రశ్నకు కొలబద్ద లేదు. సంస్కృత వైయాకరణులు నాలుగు మెట్లు చెప్పిరి: దగ్గఱనున్నదానికి ఇదమ్, మిక్కిలి దగ్గఱనున్నదానికి ఏతద్, దూరమున నున్నదానికి అదస్, కంటికి గానరానిదానికి తద్. ఇంగ్లీషునను పూర్వము మూడవ మెట్టొకటి యుండెను. ‘యాన్’, ‘యాండర్’ అనిన అల్లంత దూరమున నున్నదని యర్థము. స్కాట్లండు పలుకుబడిలో నింకను మిగిలియున్నది గాని, తక్కినచోట్ల ప్రాత కావ్యములలోనే చూడవలెను. ఇప్పుడు వాడుకలో మిగిలినవి రెండే. నా చేతికి నందునది ‘దిస్’, నీ చేతిలో నున్నది ‘దట్’. ఒకే వస్తువు చేయి మాఱినంతనే పేరు మార్చుకొనును.

దీనిని మేము ఆసుపత్రిలో నేర్చితిమి. పంటినొప్పికై మేము పొరుగు నగరమున నొక వైద్యురాలి యొద్దకు బోయితిమి. ఆమెకు తెలుగు రాదు. ఆమె పంటిని తట్టి ‘డజ్ దిస్ హర్ట్?’ అని యడిగెను. నొప్పి నాది గదా, దగ్గఱది నాకే గదా యని మేమును ‘యెస్, దిస్’ అని వేఱొక పంటిపై వ్రేలు పెట్టుకొంటిమి. ఆమె తాను తట్టిన పన్ను కాదని తలచి దానిని విడిచి, మేము చూపినదానిని పరీక్షింప మొదలిడెను. ఇంటికి వచ్చి చెప్పగా మా వారు విడమఱచిరి. తట్టినది ఆమె చేయి గనుక ఆమెకది ‘దిస్’. ఆ తట్టుటనే గూర్చి బదులు చెప్పు మాకు అది ‘దట్’. ‘యెస్, దట్ హర్ట్స్’ అని యుండిన సరిపోయెడిది. నా శరీరమున నున్న పన్నైనను ఆమె చేత ‘దిస్’, నా నోట ‘దట్’. విదేశములలో కూతురి పురుటికో కోడలి పురుటికో పోవు తల్లులకు ఈ సంగతి పనికివచ్చునని యింత విపులముగ వ్రాసితిమి. ఏ చోట నొప్పియో తామే వ్రేలుంచి చూపునప్పుడు ‘దిస్’ అనవచ్చును. వైద్యుడు చేసినదానికి బదులు చెప్పునప్పుడు ‘దట్’ అనవలెను.

మాటల విషయమునను ఇదే న్యాయము. చెప్పబోవునది ‘దిస్’: ‘లిజన్ టు దిస్’ అనగా ఇది వినుడు. చెప్పి ముగించినది, ఎదుటివారు చెప్పినది ‘దట్’: ‘దట్స్ ఆల్’ అనగా అంతే, ‘దట్స్ రైట్’ అనగా నిజమే. మన ‘అంతే’లోను అకారమే యున్నది చూడుడు. ఇచ్చట రెండు భాషలును ఒక దారినే నడచుచున్నవి. మాట తోచనప్పుడు మనము ‘అది... అదే...’ యని సాగదీయుదుము. ఆ యలవాటున ఇంగ్లీషునను ‘దట్... దట్...’ అందుము. వారికది యేదో వస్తువును చూపుచున్నట్లుండును. మౌనముగ నుండుటయే మేలు.

ఫోనులో ‘ఐ యామ్’ అనుటకు బదులు ‘దిస్ ఈజ్’ అని తమ పేరు చెప్పుకొందురు. ఎదుటివా రెవరని యడుగుటకు ఇంగ్లండువారు ‘హూ ఈజ్ దట్?’ అందురు, అమెరికావారు ‘హూ ఈజ్ దిస్?’ అందురు. మా యాడుబిడ్డ అమెరికాలో నున్నది. ఆమె కుమారుడు తెలియని నంబరు వచ్చినచో ‘దిస్’ అనియే యడుగును. సముద్రములకు ఆవలనున్నవారు వీరికి దగ్గఱ యెట్లయిరో యని మేము వింతపడితిమి గాని, గొంతు చెవిలోనే యున్నది గదా.

చూచితిరా, ‘దిస్ ఈజ్’ అని తన్ను గూర్చి తానే చెప్పుకొనుచున్నారు. మూడవ దినమున మా యత్తగారికి మేము మొదట జూపిన సాక్ష్య మిదియే. దొరలు తమ్ము తామే ‘ఇది’ అని చెప్పుకొందురత్తయ్యా, అంటిమి. ఆమె నమ్మలేదు. అమెరికాకు ఫోను చేయించి కూతు నడిగిరి. కూతురు నిజమే ననెను. పిమ్మట మేము ఆ వేయేండ్ల నాటి సంగతియు, మూడు లింగములలో నొకటి మిగిలిన సంగతియు చెప్పితిమి. “అయితే నేనన్నది తప్పు కాదన్నమాట” అనిరి. కాదంటిమి. “వాళ్ల రాణి తల్లినైనా అంతేనా?” అని యడిగిరి. అంతే యంటిమి. ఆమె కొంతసే పాలోచించి, కాఫీ యిమ్మని యడిగిరి.

క్రిందటి మాసమున మా వీధిలోనివారి మనుమరాలు అమెరికానుండి సెలవులకు వచ్చినది. పదునాఱేండ్ల పిల్ల, తెలుగు రాదు. మా యింటికి రాగా అత్తగారు ఆమెను కూర్చుండబెట్టి, వంటయింటిలోనున్న మమ్ము చేయి పట్టుకొని తీసికొనిపోయి, “దిస్ ఈజ్ మై కోడలు” అనిరి. ఆ పిల్ల లేచి నమస్కరించినది. మా పెద్దపిల్ల గుమ్మములో నిలుచుండి, “నాయనమ్మా, నువ్వు అమ్మని ఇది అన్నావు!” అని యఱచినది.

“నేనెప్పుడూ అనేదేగదే” అని యామె మా చేయి విడువకయే, లోపల లడ్డు లున్నవి తెమ్మని దానిని పంపిరి.